రవిక చీటీకి సూచీముఖి వ్యాఖ్య

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాయబోతూ కోలాచల మల్లినాథసూరి రెండు ఒట్లు పెట్టుకున్నాడు: మూలంలో లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను. మెదక్ సీమ మహాపండితుడు, ఆయనకు చెల్లింది. బడిలో పిల్లలకు తెలుగు చెప్పి, రిటైరయ్యాక ఐరాలలో కుట్టుమిషను ముందు కూచున్న నాకు రెండో ఒట్టు ఎలాగూ నిలవదు. మొదటిదాని సంగతి చూద్దాం.

వ్యాఖ్య పేరు సూచీముఖి. వేదం వేంకటరాయశాస్త్రి గారు ఆముక్తమాల్యదకు రాసిన వ్యాఖ్యను సంజీవని అన్నారు. ఇది ప్రాణం పోసే రకం కాదు, పొడుస్తూ పోయే రకం.

మూలం పాత క్యాలెండరు కాగితం వెనక బాల్‌పెన్నుతో రాసి, గుండుసూదితో రవికకు గుచ్చి, పెనుమూరు నుంచి బస్సులో వచ్చింది. కర్త్రి మా తమ్ముడి పెండ్లాం. ప్రతి ఒక్కటే కాబట్టి పాఠాంతరాల బెడద లేదు.

మూలం

“వదినా! ఆది రవిక పంపిస్తా ఉండా. దీని మాదిరే కుట్టు, గానీ దీని మాదిరి వద్దు. చంక కాడ పట్టేస్తా ఉంది, మెడ కాడ జారిపోతా ఉంది. లైనింగు తడిపి ఆరబెట్టినాక వెయ్యి. గుడ్డ మిగిల్తే పాపకేమన్నా కుట్టు. తొందరేం లేదు, శుక్రవారానికి కావాల.”

వ్యాఖ్య

వదినా! — సంబోధన. శాస్త్రం మొదలుపెట్టే ముందు విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగూ తేలాలని పెద్దలు చెబుతారు. విషయం రవిక. ప్రయోజనం అది ఒంటికి పట్టడం. సంబంధం ఈ ఒక్క పిలుపులోనే ఉంది; కుట్టుకూలి ఊసు చీటీలో ఎక్కడా లేకపోవడానికి కారణం కూడా ఇదే. మిగిలింది అధికారి. కూలికి కుట్టేవాళ్ళు ముమ్మాటికీ అధికారులే, వాళ్ళు లేకపోతే సీమలో పెండ్లిళ్ళు ఆగిపోతాయి. అయితే ఈ చీటీ వాళ్ళ చేతికి ఇచ్చి చూడండి. రెండో వాక్యం దగ్గర దర్జీ మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టి, “ముందు మీరు తేల్చుకోని రాండమ్మా” అంటాడు. అనే హక్కు ఆయనకుంది, వెనక కొయ్యకు ఊరి రవికలన్నీ వేలాడుతున్నాయి. ఆ వాక్యం దగ్గర ఒక మధ్యాహ్నమంతా ఆగి కూచోగలిగేది సరదాకు కుట్టే మనిషే. కాబట్టి అధికారి సిద్ధించింది.

ఆది రవిక — ఒంటికి సరిపోయిన పాత రవిక, కొత్తదానికి కొలత. అమెరికాలో ఎబనీజర్ బట్టరిక్ అనే దర్జీ 1863లో సైజులవారీగా కాగితపు నమూనాలు అమ్మడం మొదలుపెట్టాడు. ఆ దెబ్బకు అక్కడి ఇల్లాళ్ళు ఇంట్లోనే గౌన్లు కుట్టుకోగలిగారు, కానీ ప్రతి మనిషీ తన ఒళ్ళు ఏ అంకె కింద పడుతుందో వెతుక్కోవాల్సి వచ్చింది. మన దగ్గర అంకె లేదు. మనిషికొక నమూనా, అది ఆ మనిషి బీరువాలోనే ఉంటుంది.

ఆదిని బయటినుంచి చూస్తే ఏమీ తెలియదు, తిరగెయ్యాలి. పక్క కుట్టు లోపల మడతలో గుడ్డ ఇంకా కొన్ననాటి వంకాయరంగులో ఉంది. బయట అదే గుడ్డ చాకిరీకి, ఎండకు వెలిసి ఎర్రమట్టి రంగుకు దిగింది. ఆ మడతకు ఇవతల, ఇప్పుడున్న కుట్టుకు ఒంటివైపు, సన్నని రంధ్రాల వరసలు మూడు. ఒక్కో వరస ఒక్కోసారి కుట్టు విప్పి వదులు చేసిన గుర్తు. మొదటిది పెండ్లినాటిది. రెండోది పాప పుట్టినప్పటిది. మూడోదానికి కారణం మా తమ్ముడింట్లో ఏటా జరిగే మామిడితాండ్ర ఉత్సవం అని నా ఊహ. నాలుగోసారి విప్పడానికి లోపల గుడ్డ లేదు. చీటీ పుట్టింది అందుకే.

దీని మాదిరే కుట్టు, గానీ దీని మాదిరి వద్దు — ఇది గ్రంథానికి గుండెకాయ.

పూర్వపక్షం: వాక్యం తనను తానే ఖండించుకుంటోంది కనుక ప్రమాణం కాదు, కొత్తగా కొలతలు తీసుకోవాలి. ఛాతీ 36 అంగుళాలైతే నాలుగో వంతు 9, దాని మీద వదులు, ఆపైన కుట్టుగుడ్డ. దినపత్రిక పరిచి గీసి కత్తిరిస్తే ఆదితో పనేముంది? ఇది యూట్యూబు మతం. నేనూ ఆ మతంలోనే దీక్ష తీసుకున్నాను, దాన్ని నిందించను.

సిద్ధాంతం: మొదటి ‘మాదిరి’ మనసుది, రెండోది ఒంటిది. మెడ ఎంత లోతు ఉంటే అత్తగారు ఏమీ అనదు, చెయ్యి ఎంత పొడవుంటే రోట్లో పచ్చడి నూరడానికి అడ్డం రాదు, హుక్కులు ముందుండాలా వెనకుండాలా అన్నవి టేపుకు అందవు, ఆది చెబుతుంది. ఒళ్ళెంత మారిందో ఆది చెప్పదు, టేపు చెబుతుంది. కాబట్టి రెండూ ప్రమాణాలే, ఎవరి హద్దులో వాళ్ళు.

దీనికి దృష్టాంతం మా మండలంలోనే ఉంది. కాణిపాకం వరసిద్ధి వినాయకుడు పెరుగుతున్నాడని భక్తుల నమ్మకం. దశాబ్దాల కిందట ఒక భక్తురాలు చేయించిన వెండి కవచం ఇప్పుడు స్వామికి పట్టదని అందుకు సాక్ష్యంగా చెబుతారు. ఆ కవచం కూడా ఒక ఆదే. కంసాలి కొలతలో లోపమని ఎవరూ అనలేదు, స్వామిని తగ్గమని కూడా ఎవరూ అనలేదు. వెండికి లోపల గుడ్డ వదిలే వీలు లేదు, అంతే.

కుట్టు — క్రియ. చేతిసూదికి కన్ను వెనక ఉంటుంది, మిషను సూదికి మొన దగ్గర ఉంటుంది. 1846లో ఎలియాస్ హోవ్ పేటెంటు తీసుకున్న మిషనులో కీలకం అదే. సూది గుడ్డను పొడిచి దిగి, పైకి లేవబోయే క్షణంలో దారం కొంచెం వదులై చిన్న ఉచ్చుగా నిలుస్తుంది. కింద కాచుకొని ఉన్న షటిల్ ఆ ఉచ్చులోంచి బాబిన్ దారాన్ని దాటించేస్తుంది. పైదారం, కిందిదారం గుడ్డ మందంలోనే కలుసుకోవాలి. వ్యాకరణంలో అయితే సంధి అంటాం, కాకపోతే ఇక్కడ ఏ ఒక్కటీ లోపించకూడదు. పైదారం మరీ బిగిస్తే కిందిదారం చుక్కలు చుక్కలుగా పైకి తేలుతుంది. మర కొంచెం తిప్పి, పీలిక మీద నాలుగు కుట్లు వేసి, తిరగేసి చూసి, మళ్ళీ కొంచెం తిప్పడం. కూలికి కుట్టేవాళ్ళకు ఇది కాలహరణం, నాకు కాఫీ తర్వాత అంతటి సుఖం. యంత్రాలంటే గిట్టని గాంధీజీ కూడా 1924లో సింగర్ మిషనుకు మినహాయింపు ఇచ్చారు. భార్య చేతికుట్టు అవస్థ చూడలేక, ప్రేమతో సింగర్ దాన్ని కనిపెట్టాడని ఆయన నమ్మకం. సింగర్ గారి సంసారాల సంఖ్య తెలిసినవాళ్ళు ఇక్కడ నవ్వుకోవచ్చు.

చంక కాడ పట్టేస్తా ఉంది, మెడ కాడ జారిపోతా ఉంది — ఇక్కడ కొత్తగా నేర్చినవాళ్ళు వెంటనే కత్తెర తీస్తారు. చంక పడుతోందా, అయితే చంక లోతు చెయ్యి. మెడ జారుతోందా, అయితే వీపున డోరీ కట్టు. రెండు రోగాలు, రెండు మందులు. కానీ చంక లోతుగా తవ్వితే చెయ్యెత్తినప్పుడల్లా రవికంతా నడుము దగ్గర పైకి లేస్తుంది, బస్సులో పైకమ్మీ పట్టుకున్న ప్రతి ఆడమనిషికీ ఇది అనుభవం. డోరీ కడితే మెడ నిలబడుతుంది, చంక అలాగే ఏడుస్తుంది.

అన్వయం మార్చి చదవాలి. ‘మెడ కాడ జారిపోతా ఉంది, (కాబట్టి) చంక కాడ పట్టేస్తా ఉంది.’ వెనక మెడ లోతు, పైగా వెడల్పు. నాలుగు ఉతుకులకు మెడ అంచు సాగింది. భుజం పట్టీ పక్కకు జారితే చేతికుట్టు భుజం ఎముక మీద ఉండాల్సింది కండ మీదికి దిగుతుంది. అక్కడినుంచి చెయ్యి కదలబోతే గుడ్డ అడ్డం తిరుగుతుంది. రోగం ఒకటే, నొప్పి రెండుచోట్ల. మెడ వెడల్పు రెండు పక్కలా పావు అంగుళం తగ్గించి, భుజం కుట్టును దాని చోట దాన్ని నిలబెట్టి, కండ దగ్గర చేతికి కాస్త వదులిస్తే చంకను ముట్టుకోనక్కర లేదు. మరదలిది మూడో తరగతి పిల్లల చేతిరాత. అయినా కారణాన్ని, కార్యాన్ని పక్కపక్కనే పెట్టింది, వరస మాత్రం నొప్పి వరస. డాక్టరు దగ్గరకు వెళ్ళినవాళ్ళందరూ అలాగే చెబుతారు.

చేతుల విషయంలో ఐరాల మండలానికి ప్రత్యేక హక్కు ఉంది. కాణిపాకం పక్కన పారేది బాహుదా నది. దారిలో ఆకలికి ఆగలేక ఎవరిదో తోటలో పండు కోసుకు తిన్నందుకు రాజు లిఖితుడనే ఆయన చేతులు నరికించాడని, ఈ నీళ్ళలో మునగ్గానే చేతులు తిరిగి మొలిచాయని కథ. ఇక్కడివాళ్ళు అది మామిడిపండు అనే చెబుతారు, చిత్తూరు జిల్లాలో వేరే పండు అయ్యే అవకాశం లేదు. మునిగి లేచేసరికి ఏ చెయ్యి ఏ భుజానికి రావాలో ఆ నది తప్పలేదు. చిన్న సంగతి కాదు. రవిక చంక ముందువైపు ఎక్కువ లోతుగా, వెనకవైపు తక్కువ లోతుగా కత్తిరిస్తారు, చేతి తలకట్టులోనూ ఆ తేడా ఉంటుంది. బల్ల మీద పరిస్తే రెండు చేతులూ అచ్చు ఒకేలా కనిపిస్తాయి. కుడిచెయ్యి ఎడమకు పడితే కుట్టు తిన్నగానే వస్తుంది, తొడుక్కున్నాకే తెలుస్తుంది. అందుకని ముందువైపు సుద్దతో గీత పెట్టి, చెయ్యి కుట్టు, పక్క కుట్టు చంక కింద కలిసేచోట కూడిక గుర్తులా నాలుగు గీతలు ఒకచోట చేరాయో లేదో చూసి మిషను ఆపాలి. అవి చేరినప్పుడు కలిగే సంతోషం ఇంకెవరికీ కనపడదు. చంక కింద ఏముందో చూసేవాళ్ళెవరు!

లైనింగు తడిపి ఆరబెట్టినాక వెయ్యి — స్పష్టం. నూలు లైనింగు మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది, పైగుడ్డ పట్టుదైతే అంతగా కుంచించుకోదు, రవిక ముడుతలు పడుతుంది. టూ బై టూ గుడ్డ అయినా సరే, రాత్రి నానేసి పొద్దున ఆరెయ్యడమే.

గుడ్డ మిగిల్తే పాపకేమన్నా కుట్టు — ఎనభై సెంటీమీటర్ల గుడ్డలో ముందుభాగం ఐమూలగా కత్తిరించాలి. పడుగుకీ పేకకీ ఏటవాలుగా తిప్పిన గుడ్డ సాగుతుంది కాబట్టి ఛాతీ దగ్గర ఒంటిని పట్టి కూచుంటుంది. ఐమూల కోత గుడ్డను తినేస్తుంది. చేతులు, పట్టీలు, పైపింగు పోగా మిగిలేది మెడ దగ్గరి నెలవంక ముక్క. దాంతో పాప బొమ్మకు గౌను వస్తుంది, పాపకు రాదు. ఇది మూలకర్త్రికి తెలియక కాదు. ఆశ అనే భావానికి ఇది ఉదాహరణ.

పాపకు పావడ మాత్రం మరో దారిలో వస్తుంది. వరలక్ష్మీ వ్రతానికి, గృహప్రవేశానికి, సీమంతానికి పసుపు కుంకుమతో పెట్టే రవికగుడ్డలు ప్రతి ఇంట్లో ఒక సంచి నిండా ఉంటాయి. వాటిని ఎవరూ కుట్టించుకోరు. వచ్చింది పక్కింటికి పోతుంది, పక్కింటిది ఎదురింటికి. ఒకే చిలకపచ్చ గుడ్డ వీధి చుట్టి వచ్చి పెట్టిన చేతికే మళ్ళీ చేరిన సందర్భాలున్నాయి, అప్పుడు ఇద్దరూ గుర్తుపట్టనట్టే బొట్టు పెట్టుకుంటారు. ఈ పుట్టుక, చావుల చక్రం తెంచగలిగింది కత్తెర ఒక్కటే. మిషను నేర్చుకున్నవాళ్ళకు మొదట చెయ్యి తిరిగేది ఈ గుడ్డల మీదే, పాడైనా ఎవరికీ జవాబు చెప్పక్కర లేదు. పచ్చది, ఎర్రది, పసుపుది నిలువుముక్కలుగా కోసి కలిపితే పాపకు నిలువుచారల పావడ. పండక్కి పాప దాన్ని కట్టుకొని వీధిలో తిరిగితే ప్రతి ఇంటి ఇల్లాలికీ తన గుడ్డ కనిపిస్తుంది.

తొందరేం లేదు, శుక్రవారానికి కావాల — విరోధాభాసం. ‘తొందరేం లేదు’ మర్యాద, ‘శుక్రవారానికి కావాల’ అర్థం. చీటీ అందింది మంగళవారం సాయంత్రం. ఇక్కడ ఒక చర్చ. కాణిపాకంలో అబద్ధపు ప్రమాణం చేస్తే స్వామి ఊరుకోడని సీమంతా నమ్ముతుంది, రాజకీయ నాయకులు కూడా ‘కాణిపాకానికి వచ్చి ప్రమాణం చెయ్యి’ అని ఒకరినొకరు సవాలు చేసుకుంటారు. ఇంత దగ్గరలో ఇంత గట్టి దేవుణ్ణి పెట్టుకొని, ‘రేపు తప్పకుండా ఇస్తా’ అన్న దర్జీని ఒక్కణ్ణీ ఇప్పటిదాకా ఎవరూ అక్కడికి పిలవలేదు. పిలిస్తే జాతర రవికలు కుట్టే దిక్కుండదని అందరికీ తెలుసు.

సరదాకు కుట్టేవాళ్ళకు ఆ రక్షణ కూడా లేదు. ఆడబిడ్డ ‘రేపు’ అంటే మరదలు నమ్ముతుంది.

ఇది చిత్తూరు జిల్లాంతర్గత ఐరాల నివాసిని, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని, ఉషాయంత్ర పాదసేవా పరాయణ, సుద్దముక్క ధూళి ధవళిత హస్త విరచితమైన సూచీముఖి అను రవిక చీటీ వ్యాఖ్య. హుక్కులు, కాజాలు తప్ప సర్వం సంపూర్ణం.