ఈఎక్స్‌ఈ ఒక్కటే పంపండి, చాలు

పత్తికొండ టమాటా మండీలో మామకు లెక్కల ప్రోగ్రామ్ రాసిచ్చి, ఆనక ఏడాది పొడుగునా ఆయన ఫోన్లు ఎత్తుతూ బతకాలనుకునేవాళ్లకు ఈ పద్ధతి. నేను చేసి చూసిందే.

ముందు విజువల్ స్టూడియోను డీబగ్‌లోనే ఉంచి బిల్డ్ కొట్టండి. ఫోల్డర్లో ఈఎక్స్‌ఈ తయారవుతుంది. దాన్నొక్కదాన్నే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బస్సెక్కండి. పక్కనున్న డీఎల్‌ఎల్‌ల జోలికి పోవద్దు. పెళ్లికొడుకు వస్తే చాలదా, మేళగాళ్లెందుకు?

మండీలో తూకాలు అయిపోయి, రైతులు పట్టీల కోసం మీద పడుతున్న సమయం చూసి డబుల్ క్లిక్ చేయండి. వీసీరన్‌టైమ్140డి అనే డీఎల్‌ఎల్ కనబడలేదని ఒక డబ్బా వస్తుంది.

"ఏం రా అల్లుడా, ఏమో ల్యాదంటాదే?"

"నా ల్యాప్‌టాప్‌లో బాగానే నడుస్తాంది మామా."

ఈ మాట తడబడకుండా అనాలి. అబద్ధం కూడా కాదు కదా.

ఆ పేరు చివరి 'డి' అంటే డీబగ్. అది రాసేవాళ్ల మిషన్లకే; ఊరంతా పంచడానికి మైక్రోసాఫ్ట్ ఒప్పుకోదు. మీకెందుకవన్నీ? నెట్లో ఎక్కడో దొరికినదాన్ని తెచ్చి సిస్టమ్32లో పడేయండి. విండోస్ మామూలుగా ఈఎక్స్‌ఈ ఉన్న ఫోల్డర్లోనే ముందు వెతుకుతుంది, కాబట్టి అక్కడ మాత్రం పెట్టొద్దు. 64 బిట్ ప్రోగ్రామ్‌కు 32 బిట్ డీఎల్‌ఎల్ అంటగడితే ఇంకో కొత్త డబ్బా వస్తుంది, దాంట్లో సున్నా ఎక్స్‌తో మొదలయ్యే నంబరుంటుంది. మామకు మీ చదువు మీద గౌరవం పెరిగేది అప్పుడే.

కొందరు చాదస్తులుంటారు. రిలీజ్‌లో బిల్డ్ చేసి, వీసీ రీడిస్ట్ ఇన్‌స్టాల్ చేస్తారు. సొంత లైబ్రరీల కోసం సీమేక్‌లో పోస్ట్ బిల్డ్ కమాండ్ ఒకటి రాస్తారు. బిల్డ్ అయిన ప్రతిసారీ మారిన ఫైళ్లను అదే ఈఎక్స్‌ఈ పక్కకు చేరుస్తుంది. 3.21 వెర్షన్ నుంచి ఏ డీఎల్‌ఎల్‌లు కావాలో జాబితా కూడా సీమేకే ఇస్తుంది. పది నిమిషాల పని. తర్వాత మిమ్మల్ని పలకరించే దిక్కుండదు.

చేత్తో మోసేవాళ్ల దర్జా వేరు. నేను కమీషన్ లెక్క సరిచేసిన కొత్త డీఎల్‌ఎల్‌ను ఇంట్లో మరిచిపోయి, కొత్త ఈఎక్స్‌ఈతో ఊరికి పోయాను. పాత డీఎల్‌ఎల్ పేరు కూడా అదే కాబట్టి ఈసారి ఏ డబ్బా రాలేదు. వారం రోజులు పాత లెక్కనే కోత పడింది.

నింద గురించి దిగులొద్దు. గుత్తి దారిలోని ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. దేశమంతా పంపిన పాఠాన్నే ఇక్కడ చెక్కినాయన చిన్న శాసనంలో కొన్ని వరుసలు కుడి నుంచి ఎడమకు లాగించాడు. పద్నాలుగో శాసనంలో రాజుగారే ఒప్పుకున్నారు, రాతలో లోపాలుంటే లేఖకుడి పొరపాటూ కావచ్చని. మీరూ కాపీ చేసినవాడి మీదకు తోసేయండి. ఆ కాపీ చేసినవాడూ మీరేనని మామకు తెలియనంతవరకే సుమా.

మామ కంప్యూటర్ మీద ఇప్పుడు గుడ్డ కప్పి ఉంది. పట్టీలు కార్బన్ పేపర్ పెట్టి రాస్తున్నారు. పైది రైతుకు, కిందిది మండీకి.