తాళంచెవి ఎవరి దగ్గరుంది?

ఈమధ్య ఎవరిని కదిపినా ఒకటే మాట: "బ్లాగు పెడుతున్నానండీ, అన్నీ వాళ్లే చూసుకునే హోస్టింగు తీసుకుంటున్నా. సర్వరు గొడవ మనకెందుకు?" అన్నీ అంటే ఏమేం చూసుకుంటారు, ఏమేం చూసుకోరు అని ఒక్కరూ అడగరు. కార్డు నంబరు కొట్టేయడం, నిశ్చింతగా కూర్చోవడం. నాకు ఒళ్లు మండేది ఆ నిశ్చింత చూసే.

మా రోజుల్లో, అంటే 2006, 2007 ప్రాంతంలో, లేఖిని సైటులో ఇంగ్లిషు అక్షరాలు కొట్టి తెలుగు చేసుకుని, మన టపా తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపే కూడలిలోకి ఎక్కిందా లేదా అని చూసుకునేవాళ్లం. చాలామంది గూగుల్ వాళ్ల బ్లాగర్‌లో ఉచితంగానే మొదలుపెట్టారు. చెయ్యి తిరిగాక మాత్రం సొంత డొమైన్ ఉండాలన్న పట్టుదల వచ్చేది. కొందామంటే మన డెబిట్ కార్డు అక్కడ చెల్లేది కాదు. అమెరికాలో ఉన్న బావమరిదికి ఫోన్ చేసి "నీ కార్డు మీద కట్టరా, వచ్చినప్పుడు ఇస్తా" అనాలి. సర్వరు ఎక్కడో టెక్సాస్‌లో. వర్డ్‌ప్రెస్ జిప్పు దించుకుని, విప్పి, ఫైల్‌జిల్లాలో ఒక్కో ఫోల్డరూ ఎక్కిస్తుంటే సగంలో కరెంటు పోయేది. అయిదు నిమిషాల్లో ఇన్‌స్టాల్ అయిపోతుందని వర్డ్‌ప్రెస్ వాళ్లు చెప్పుకునేవారు. మన కనెక్షన్ల మీద అది ఒక సాయంత్రం పని.

అయినా ఏ ఫైలు ఎక్కడుందో మనకు తెలిసేది. అది ఎంత అక్కరకొచ్చేదో ఒక్క సంగతి చెబుతాను. అప్పటి మైఎస్‌క్యూఎల్ డేటాబేసులు మామూలుగా పడమటి యూరప్ భాషలకు పనికొచ్చే లాటిన్-1 లిపికి అమర్చి వచ్చేవి. తెరమీద తెలుగు బాగానే కనబడేది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. సర్వరు మారుద్దామని బ్యాకప్ తీసి కొత్తచోట పోస్తే, రాసిందంతా పిచ్చిగీతలు. నెత్తిన గీతున్న ఇంగ్లిషు 'ఎ', పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే 'ఎ', పేజీ నిండా అదే వరస. తెలుగును దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు. లాటిన్-1 ఆ మూడింటినీ మూడు వేరే అక్షరాలనుకునేది. బ్యాకప్‌ను లాటిన్-1గానే దించి, ఫైల్లో ఆ పేరున్న చోటల్లా యూటీఎఫ్-8 అని దిద్ది, తిరిగి ఎక్కిస్తే తెలుగు మళ్లీ లేచి కూర్చునేది. 2007లో 2.2 వెర్షన్‌తో వర్డ్‌ప్రెస్ వాళ్లు లిపి పేరు చెప్పడానికి సెట్టింగ్స్ ఫైల్లోనే ఒక వరుస చేర్చాక ఆ బాధ తగ్గింది.

డేటాబేసు మన చేతిలో ఉంది కాబట్టి ఆ మరమ్మతు సాగింది. ఇవాళ అదే చిక్కు వస్తే టికెట్ పెట్టి కూర్చోవాలి. అవతల సపోర్టులో ఉన్న పిల్లవాడికి తెలుగు రాదు. అతని కంటికి పిచ్చిగీతలూ తెలుగూ ఒకటే. "సైటు పనిచేస్తోంది సార్" అని టికెట్ మూసేస్తాడు.

వాళ్లే చూసుకుంటారని వదిలేసినవి ఏమయ్యాయో మా తరం కళ్లారా చూసింది. 2009 అక్టోబరులో యాహూ తన ఉచిత సైట్ల సేవ జియోసిటీస్‌ను మూసేసింది. పోస్టరస్ అనే బ్లాగు సేవను 2012లో ట్విట్టర్ కొనుక్కుంది, 2013 ఏప్రిల్ 30న కట్టేసింది. బ్లాగర్‌లో రాసుకుని మన సొంత సర్వరుకే ప్రచురించుకునే వీలొకటి ఉండేది, ఎఫ్‌టీపీ ద్వారా. రాసే సుఖం వాళ్లది, ఫైళ్లు మనవి. అంతకన్న మంచి ఏర్పాటు నేను మళ్లీ చూడలేదు. దాన్ని 2010 మే నెలలో ఎత్తేశారు. ఇటు చూస్తే, 1998లో మొదలైన ఈమాట వెబ్‌పత్రిక పాత సంచికలు ఇవాళ్టికీ దాని సొంత చిరునామాలోనే చదువుకోవచ్చు.

అసలు కడుపుమంట ఏమిటంటే, సొంతంగా నడుపుకోవడం ఇప్పుడున్నంత తేలిక ఎప్పుడూ లేదు. హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్‌కు ఏటా డబ్బులు కట్టేవాళ్లం. 2015 చివర్లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ వచ్చి దాన్ని ఉచితం చేసింది. నెలకు అయిదారు డాలర్లకు చిన్న సర్వరు దొరుకుతుంది. అమెజాన్ వాళ్లు 2022 నవంబరులో హైదరాబాద్‌లోనే డేటా సెంటర్లు తెరిచారు. ఇన్ని సదుపాయాలు అమిరాక, ఇప్పుడా మనవాళ్లు చేతులెత్తేసేది!

అందరూ సర్వరు నడపాలని నేననను. పాత ప్లగిన్‌లోంచి దొంగలు దూరతారు, అప్‌డేట్లు చూసుకుంటూనే ఉండాలి. రోజంతా పేషెంట్లను చూసే డాక్టరుకూ, బడి నుంచి అలసి వచ్చే టీచరుకూ ఆ తీరిక ఎక్కడిది? వాళ్లు డబ్బు కట్టి ఒకరికి అప్పజెప్పడమే సబబు. కానీ డొమైన్ మాత్రం తమ పేరు మీదే ఉండాలి. నాకు తెలిసిన ఒక రిటైర్డ్ లెక్చరరు గారు ఏళ్లతరబడి వ్యాకరణం మీద రాశారు. సైటు చేసిపెట్టిన సంస్థ ప్యాకేజీలో ఉచితమంటూ డొమైన్‌ను తన పేరుతోనే రిజిస్టరు చేసుకుంది. గడువు తీరుతోందన్న మెయిళ్లు వాళ్లకే వెళ్లాయి, వాళ్లు పట్టించుకోలేదు. డొమైన్ చెయ్యిజారి, ఆయన సంధులూ సమాసాలూ ఉన్న చిరునామాలో పేకాట ప్రకటనలు వెలిశాయి. ఆ పెద్దాయన "పోనీలెండి" అన్నారు. నాకు మాత్రం ఆ కోపం ఇంకా చల్లారలేదు.

కాబట్టి డబ్బు కట్టే ముందే అడగండి: డొమైన్ ఎవరి పేరున ఉంటుంది, డేటాబేసు బ్యాకప్ నేనే దించుకోవచ్చా అని. ఎక్స్‌పోర్ట్ బటన్ ఉంది కదా అంటారు. వర్డ్‌ప్రెస్‌లో ఆ బటన్ ఇచ్చే ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో టపాలూ వ్యాఖ్యలూ వస్తాయి, బొమ్మలు రావు, వాటి చిరునామాలే వస్తాయి. పాత సర్వరు పోయిన రోజున ఆ చిరునామాలూ పోయినట్టే. బొమ్మలుండేది అప్‌లోడ్స్ అనే ఫోల్డర్లో. దాన్ని విడిగా దించుకుని, డేటాబేసుతో పాటు ఇంట్లో కంప్యూటర్లో ఒకసారి ఎక్కించి, తెలుగు తెలుగులాగే వచ్చిందో లేదో కళ్లతో చూసుకోండి.