గూగులమ్మా, బేగి నేర్సుకో

యారాడ అన్న పేరుని ఇంగ్లీషులో రాయగానే దానికి సగం ప్రాణం పోతుంది. ఆ ఆరు అక్షరాల్లో దీర్ఘం ఎక్కడుందో, చివరిది ‘డ’నో ‘ద’నో ఊళ్లో పుట్టినవాళ్లకి తెలియాలి, లేదా దేవుడికి తెలియాలి. వాయిస్ అసిస్టెంటు ఈ రెండు కోవల్లోనూ లేదు కాబట్టి అది ‘యరదా’ అని పలికినా నేరం దానిది కాదు. అయితే ఊరి పేరు పోయినంత తేలిగ్గా ఊరి మాట పోతే ఊరుకోలేం. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండకి ఇటు నౌకాదళం, పోర్టు, అటు యారాడ. కొండ దిగాక వినిపించే తెలుగులో ‘ఏమిటి’ కాదు, ‘ఏటి’. ‘లేదు’ కాస్తా ‘నేదు’ అవుతుంది. ‘త్వరగా’ అనే మాటతో పనే లేదు, ‘బేగి’ ఉంది. ‘బస్సు ఎప్పుడెల్తాది, బేగి సెప్పు’ అన్నదాంట్లో తెలుగువాడికి అర్థంకాని ముక్క ఒక్కటీ లేదు. ఫోనుకి మాత్రం అది చిదంబర రహస్యం. వంజరం చేపని ఇక్కడ కోనాం అంటారు. కోనాం ధర అడిగినవాడికి ఫోను కోణం కొలతలు అప్పజెప్పినా ఆశ్చర్యపడనక్కర్లేదు. ‘క్షమించండి, అర్థం కాలేదు’ అని ఎంతో వినయంగా అంటుంది. మర్యాదకేం లోటు లేదు, లోటల్లా చెవిలోనే.

తమాషా ఏమిటంటే, అర్థంకానిది దానికి, మారవలసింది మనం. రెండోసారి అడిగేటప్పుడు మనిషి తనకి తెలియకుండానే గొంతు సవరించుకుని, రేడియోలో వార్తలు చదువుతున్నట్టు ‘బస్సు ఎప్పుడు బయలుదేరుతుంది’ అంటాడు. నూరేళ్ల కిందట పండితులు కోరిందీ ఇదే. నీ ఇంటి మాట ఇంట్లో వదిలి రా, మా మాటలో అడుగు, అప్పుడు వింటాం. ఆ పేచీ తేల్చింది ఈ ఉత్తరాంధ్రే. 1892లో విజయనగరంలో రంగమెక్కిన గురజాడ కన్యాశుల్కం జనం మాట్లాడే తెలుగే మాట్లాడింది. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి వాడుకభాష కోసం పండితులతో జీవితాంతం తగువాడారు. వాళ్లు గెలిచిన గడ్డ మీదే గ్రాంథికం ఇప్పుడు పంచె విప్పి, ప్యాంటు తొడుక్కుని, ఫోన్లోంచి మళ్లీ తిరిగొచ్చింది. పాత పండితులే నయం. చిన్నయసూరి సూత్రాలు రాసిపెట్టాడు, ఎక్కడ తప్పామో చూసుకోవచ్చు. ఈ కొత్త పండితుడు ఏ సూత్రం కింద మన మాట కొట్టేశాడో చెప్పడు.

పాపం పసిది, నేర్చుకుంటుంది లెండి అని దాని తరఫున వకాల్తా పుచ్చుకునేవాళ్లున్నారు. సిరి 2011లో పుట్టింది. అలెక్సా 2014లో. మనిషి పిల్లయితే సిరికి ఈపాటికి పదో తరగతి పరీక్షల బెంగ పట్టుకోవాలి. గూగుల్ 2017లో తెలుగు మాటని విని టైపు చేయడం మొదలుపెట్టింది, కాదనం. 2019లో అలెక్సా హిందీ నేర్చుకుంది, తెలుగుకి ఆ ఏడు వంతు రాలేదు. 2011 లెక్కల్లో తెలుగు తల్లిభాషగా ఉన్నవాళ్లు మాత్రం 8 కోట్ల పైచిలుకు. అసలు చిక్కు వయసులో లేదు, సావాసంలో ఉంది. యంత్రం తాను విన్నదే నేర్చుకుంటుంది. దానికి తేలిగ్గా దొరికే తెలుగు టీవీదీ సినిమాదీ. సినిమాలో శ్రీకాకుళం యాస చాలాకాలం పనిమనిషికీ హాస్యగాడికీ మాత్రమే ఇచ్చారు. ఆ సావాసంలో పెరిగిన చెవి యారాడ మాటని గౌరవంగా వింటుందనుకోవడం అత్యాశ. ఇది మన ఒక్కరి ఏడుపే కాదు. 2020లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అమెజాన్, యాపిల్, గూగుల్, ఐబీఎం, మైక్రోసాఫ్ట్‌ల యంత్రాలకి పరీక్ష పెడితే, సగటున తెల్లవాళ్ల మాటల్లో నూటికి 19 తప్పాయి, నల్లవాళ్ల మాటల్లో 35. ఇంగ్లీషుకే, అదీ సొంత దేశంలోనే ఆ గతి పట్టింది.

పది కోసులకో యాస ఉన్న దేశంలో యంత్రం ఎన్నని నేర్చుకుంటుంది అన్న ప్రశ్నలో కొంత న్యాయం ఉంది. తెలుగు క్రియ ఒక్కటే రైలుబండంత పొడుగుంటుంది. ‘చేయించుకోలేకపోతున్నాననుకుంటున్నాను’లో ఒక్క అక్షరం జారితే మాట మొత్తం తప్పు కిందే లెక్క. ఒప్పుకుందాం. కానీ స్టీలు ప్లాంటు కోసం ఒడియావాళ్లూ, బెంగాలీలూ, మలయాళీలూ వచ్చిపడిన గాజువాకలో బస్సు కండక్టరు అందరి మాటా విని అందరికీ టిక్కెట్టు కొట్టాడు. ఆయన వెనక వేల కంప్యూటర్లు లేవు, భుజానికి సంచీ ఒకటుంది. ఇక ‘అంత కష్టమైతే టైపు చేసుకోవచ్చుగా’ అనే పెద్దమనుషులకి: 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత సుమారు 67 శాతం. మిగతా మూడోవంతు కోసమే కదా నోటిమాట యంత్రం కావాలి? వల లాగే తడి చేత్తో ఎవరు టైపు చేస్తారు? చదువుకున్నవాడికి ఆ యంత్రం ముచ్చట, చదువురానివాడికి అవసరం. ముచ్చటపడ్డవాడి మాట అర్థమవుతుంది, అవసరమున్నవాడి మాట అర్థం కాదు. (పిలిస్తే వినదు సరే, పిలవకపోయినా వినేస్తోందని అమెరికాలో సిరి మీద దావా పడింది, తప్పు ఒప్పుకోకుండానే 2025లో యాపిల్ 9.5 కోట్ల డాలర్లకి రాజీపడింది. పిలిచే మాటలకి చెవుడు, చాటు మాటలకి పాము చెవులు.)

ఇప్పుడు ఆ యంత్రం మెదడే మన పెరట్లోకి వస్తోంది. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం పెడతానంది. భూమి మనది, కరెంటు మన తీగల మీద రావాలి, సముద్రం అడుగునుంచి కేబుల్ మన ఒడ్డుకే చేరాలి. అన్నీ మనవే అయినచోట మాట ఒక్కటే పరాయిదవుతుందా? డేటా సెంటరు వేరు, భాష నేర్పడం వేరు అని ఇంజినీర్లు అంటారు. నిజమే. అద్దెకి దిగినవాడు ఇంటివాళ్ల మాట నేర్చుకోవాలని చట్టమేం లేదు. నేర్చుకోమని ఇంటివాళ్లు అడగకూడదనీ లేదు. గిడుగు సవర భాష నేర్చుకోవాలనుకున్నప్పుడు ఒక సవర మనిషిని తన ఇంట్లో పెట్టుకుని, అన్నం పెట్టి, అతను మాట్లాడుతుంటే విని రాసుకున్నారు. 1931లో ఆ భాషకి పుస్తకం అచ్చయింది. యారాడలోనూ, గంగవరంలోనూ, పెదజాలరిపేటలోనూ మాట్లాడేవాళ్లకి కొదవలేదు. అడిగి, ఒప్పించి, కూలి ఇచ్చి రికార్డు చేసుకుంటే ఆ 1,500 కోట్లలో అది చిల్లర కిందకి కూడా రాదు.

ఏటా ఆగస్టు 29న గిడుగు విగ్రహానికి దండ వేసే నాయకులకి ఒక మనవి. ఈసారి ఉపన్యాసాన్ని గుమాస్తా చేత రాయించుకోకండి. మీ ఊరి యాసలోనే ఫోనుకి చెప్పండి. అది ఏం రాసిపెడితే దాన్ని, ఒక్క అక్షరం దిద్దకుండా, మైకు ముందు చదివి వినిపించండి.