కొనబోయే రంపం

మా బావగారు వస్తువులు కొనరు, పరిశీలిస్తారు. విద్యుత్ శాఖలో ఇంజనీరుగా రిటైరయ్యాక ఆ పనికి పగలూ రాత్రీ రెండూ చిక్కాయి. ఈ సంగతి మిక్సీ నాడే కనిపెట్టిన మా అక్క, ఆయన వాట్ల లెక్కలు వేస్తుండగానే బజారుకెళ్ళి ఒకటి పట్టుకొచ్చేసింది. స్క్రోల్ సా అక్కకు అక్కర్లేని వస్తువు కాబట్టి దాని పరిశీలన ఇంకా సాగుతోంది.

ఎరగనివాళ్ళకు రెండు ముక్కలు. బల్లమీద పెట్టుకునే చిన్న కరెంటు రంపం అది. 5 అంగుళాల సన్న బ్లేడు నిలువుగా కిందికీ పైకీ ఆడుతుంటే, చెక్కను చేతులతో తిప్పుతూ వంపులు కోసుకోవాలి. గుమ్మం పక్కన ఇంటిపేరు 'హరివిల్లు' చెక్క అక్షరాల్లో ఉండాలని బావగారి కోరిక. "తెలుగు అక్షరమంటేనే వంపులోయ్. జిగ్‌సా అంత మలుపు తిరగదు" అంటారు. నిజమే. ఆయన చెప్పేవన్నీ నిజాలే, మా బాధంతా అదే.

మొదట గొంతు దగ్గర ఆగారు. అంటే బ్లేడుకూ వెనక స్తంభానికీ మధ్య దూరం. 10 అంగుళాల చిన్న రకమా, 16 అంగుళాల పెద్ద రకమా? పేరు కోయాల్సిన పలకేమో 18 అంగుళాలు, గిరగిరా తిప్పితే ఎందులోనైనా వెనక తగులుతుంది. ఈ చిక్కుముడి మీదే ఓ వేసవి గడిచిపోయింది. చివరికి అక్క వంకాయలు తరుగుతూ, "పలకని అక్షరానికో ముక్కగా కోసుకుంటే ఏ రంపమైనా సరిపోదుటండీ?" అంది. ఆ మాట ఆయన లాంగ్ నోట్‌బుక్కులోకి ఎక్కింది, అక్క పేరు మాత్రం ఎక్కలేదు.

తర్వాత పిన్ను. కొన్ని రంపాలకు కొసల్లో అడ్డపిన్ను ఉన్న బ్లేడే పడుతుంది. 'రి'లో సున్న కోయాలంటే ముందు డ్రిల్లుతో కన్నం పెట్టి, బ్లేడు అందులోంచి దూర్చి బిగించాలి కదా. పిన్ను దూరాలంటే కన్నం 5, 6 మిల్లీమీటర్లైనా ఉండాలి. పిన్ను లేని బ్లేడుకైతే మిల్లీమీటరున్నర చాలు. "చిన్న అక్షరమైతే ఆ కన్నంతోనే సున్న అయిపోతుంది, ఇక కోసేదేముంది?" అని బావగారు పెళ్ళి పంక్తిలో పక్కాయనకు వివరించారు. పక్కాయన పెరుగన్నం దాకా ఆగకుండా లేచాడు.

అసలు వేడుక వన్‌టౌన్‌లో హార్డ్‌వేర్ కొట్టులో చూడాలి. వణుకు ఎంతో తేలాలని బావగారు రంపం బల్లమీద 5 రూపాయల బిళ్ళ అంచుమీద నిలబెట్టి, స్విచ్ వేయించి, నిమిషానికి 400 స్ట్రోకుల నుంచి 1600 దాకా మెల్లగా పెంచమంటారు. బిళ్ళ పడితే పెదవి విరుస్తారు. "బల్లకి బోల్టులేసి బిగిస్తే వణకదు సార్" అని కొట్టతను చెబుతూనే ఉంటాడు. అదీ నిజమే. ఓసారి బిళ్ళ దొర్లి బీరువా కిందికి పోయింది. బీరువా జరిపించి మరీ తెచ్చుకున్నారు. ఇప్పుడు ఆయన మెట్లెక్కుతుంటేనే కుర్రాడు టీ కోసం బయల్దేరతాడు, మనకు కాదు, తనకు.

ఇది చాలదన్నట్టు నన్ను వెంటేసుకుని కొండపల్లి వెళ్ళారు. అక్కడ తెల్లపొణికి చెక్కను చేతి పనిముట్లతో చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, రంగులేసి అంబారీ ఏనుగుల్ని నిలబెడుతున్నారు. బావగారు ఓ పెద్దాయన పక్కన గొంతుక్కూర్చుని, "మీ చెయ్యి నిమిషానికి ఎన్ని స్ట్రోకులు ఆడుతుందంటారు?" అని అడిగారు. పెద్దాయన తల ఎత్తకుండానే, "సంక్రాంతి కొలువుకి ఎన్ని బొమ్మలు అడిగితే అన్ని ఆడుద్దండి" అన్నాడు. బావగారు పెన్ను తీశారు కానీ ఏ గడిలో వెయ్యాలో తోచలేదు. వచ్చేటప్పుడు ఓ దశావతారాల సెట్టు మాత్రం బేరం కూడా ఆడకుండా కొన్నారు. మనిషి మీద నాకు గౌరవం పోనిది ఇలాంటివాటి వల్లే.

ఆ నోట్‌బుక్కు వల్ల బాగుపడ్డది పక్కింటి కుర్రాడు. బావగారు చెప్పినవన్నీ శ్రద్ధగా విన్నాడు: వేగం తగ్గించుకునే వీలుండాలి, పిన్ను లేని బ్లేడు పట్టాలి, బల్లకి బిగించే కన్నాలుండాలి, అడుగున పేళ్ళు లేవకుండా తిరగపళ్ళ బ్లేడు వాడాలి. విని, వెళ్ళి కొనేశాడు! నెల తిరక్కుండా 'హరివిల్లు' కోసి పట్టుకొచ్చి, మా అక్క చేతిలో పెట్టాడు. 'హ' తలకట్టు విడిగా వచ్చిందని బావగారు భూతద్దం తెచ్చారు. తలకట్టు విడిగా ఉండటం 'హ' పద్ధతని గుర్తుచేస్తే, "అందుకే వెనకొక పలక ఉండాలని నే రాసుకున్నా" అని పేజీ తీసి చూపించారు. నిజంగానే రాసి ఉంది. అప్పటికి అక్క ఫెవికాల్ తెచ్చి అతికించేసింది.

గుమ్మం పక్కన పేరు వెలిసింది కాబట్టి రంపంతో ఇక పనిలేదు. ఆ వివరం బావగారి పట్టికలో లేదు. పోయినవారం ఫోన్‌లో, "రెండు మోడళ్ళకి కుదించానోయ్" అన్నారు.

మీలో ఎవరైనా కొనదలిస్తే ఆ కుర్రాడు విన్న నాలుగు మాటలూ చాలు, తిన్నగా వెళ్ళి కొనేసుకోండి. బావగారి నంబరు మాత్రం అడక్కండి. ఆయన ఫోను పెట్టేసేసరికి ఆ మోడల్ తయారీయే ఆపేస్తారు.