ఎనిమిదిన్నరలో సగం

మన కార్పొరేట్ జూనియర్ కాలేజీలకు మెదడు శాస్త్రం తెలీదని కొందరు మేధావులు ఆడిపోసుకుంటుంటారు. అన్యాయం. క్షుణ్ణంగా చదివే ఉంటారు. లేకపోతే ప్రతి సూత్రానికీ ఇంత కచ్చితంగా ఎదురు నడవడం ఎలా కుదురుతుంది? తెలియక చేసే పని ఎప్పుడో ఒకసారి పొరపాటునైనా సరిగ్గా కుదురుతుంది. వీళ్లకు ఒక్కసారీ కుదరలేదు!

పదహారేళ్ల వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ చిన్నప్పటికన్నా ఆలస్యంగా ఊరుతుంది. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మేరీ కార్స్కేడన్ ఏళ్ల తరబడి కుర్రకారు నిద్రను పరీక్షించి తేల్చిన సంగతి ఇది. రాత్రి పదకొండు దాకా కన్ను మూతపడకపోవడం పొగరు కాదు, శరీరధర్మం. ఆ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. ఉదయం ఎనిమిదిన్నరకు ముందు బడి మొదలుపెట్టొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో చెప్పింది. కాలిఫోర్నియా 2019లో ఏకంగా చట్టం చేసి, 2022 నుంచి హైస్కూళ్లలో అమలు చేస్తోంది. మనమూ ఎనిమిదిన్నరను గౌరవించాం, కాకపోతే సగమే. వార్డెన్ ఈల నాలుగుంపావుకి, కాస్త అటూ ఇటూగా.

అయిదింటికి స్టడీ అవర్. ప్లాస్టిక్ కుర్చీల్లో వరసగా పిల్లలు. మెటీరియల్ తెరిచే ఉంటుంది, కళ్లూ తెరిచే ఉంటాయి, రెంటికీ ఏ సంబంధమూ ఉండదు. కునికితే లేచి నిలబడాలి. నిలబడి కునకడం దసరా సెలవుల్లోపే వచ్చేస్తుంది. సిలబస్‌లో అనుకున్న టైముకి పూర్తయ్యేది అదొక్కటే. పగలు చదివింది జ్ఞాపకంగా గట్టిపడేది చాలావరకు నిద్రలోనే కనక, నిద్ర కోసి చదువు పెంచడమంటే కుండకు చిల్లు పెట్టి నీళ్లు ఎక్కువ పొయ్యడమే. అయితేనేం, పోసిన బిందెల లెక్క తల్లిదండ్రులకు ఎప్పటికప్పుడు ఎస్సెమ్మెస్‌లో వచ్చేస్తుంది.

ఈ వయసులో మెదడు తనను తాను సవరించుకుంటుంది. వాడిన నాడీకణాల కలయికలు బలపడతాయి, వాడనివి రాలిపోతాయి. మరి మనం వాడిస్తున్నదేమిటి? నాలుగు ఆప్షన్లలో రెండు కొట్టేసి, మిగతా రెంటిలో ఒకదానికి బబుల్ నింపడం. ప్రశ్న అడగడం వాడుకలో లేదు, రాలిపోతుంది. ఆట రాలిపోతుంది. ల్యాబ్ రాలిపోదు, రాలడానికి ముందు ఉండాలి కదా.

తోటివాళ్ల చూపు ఆ వయసులో ప్రాణం. కంప్యూటర్‌లో కారు నడిపే ఆట ఆడించి, పక్కన స్నేహితులుంటే కుర్రాళ్లు మరింత తెగిస్తారని పరిశోధకులు గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ 2005లో చూపించారు. ఇది చదివిన ఉపాధ్యాయుడు పిల్లల్ని జట్లుగా కూర్చోబెట్టి నేర్పుదామనుకుంటాడు. మన డీన్ మార్కుల లిస్టు మెస్ గుమ్మం దగ్గర అంటిద్దామనుకున్నాడు. ఆదివారం టెస్టు, సోమవారం లిస్టు, మంగళవారం సెక్షన్ మార్పు. పై సెక్షన్‌కి ఏసీ, పేరున్న లెక్చరర్లు. కింది సెక్షన్‌కి నిన్నగాక మొన్న బీటెక్ పాసైన కుర్రాడు. పరీక్షలే తప్పని ఎవరన్నారు? గుర్తు తెచ్చుకుని రాస్తే చదివింది ఎక్కువకాలం నిలుస్తుందని మనస్తత్వవేత్తలు రోడిగర్, కార్పిక్ 2006లో రుజువు చేశారు. అయితే అందులో మార్కుల లిస్టుకు జిగురు రాయడం ఎక్కడా లేదు.

ముందుచూపుతో నిర్ణయాలు తీసుకునే మెదడు ముందుభాగం పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుందట. ఈ ఒక్క సూత్రాన్ని మాత్రం కాలేజీలు మనసారా నమ్మాయి. అందుకే ఎంపీసీయా బైపీసీయా అన్నది, పదో తరగతి పరీక్షలు కాకముందే, హాల్లో సోఫా మీద కూర్చుని నాన్నగారూ పీఆర్వో కలిసి తేల్చేస్తారు. ఎవరి మెదడు ఎదగలేదో వాడికి కాఫీలు అందించే పని.

కోచింగ్ సెంటర్లలో రోజుకు అయిదు గంటలకు మించి క్లాసులొద్దని కేంద్రం 2024 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. మాది కాలేజీ కదండీ అన్నారు యాజమాన్యంవారు. తనిఖీకి వస్తే కాలేజీ, టీవీలో ఒకటి, ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులు అరిచేటప్పుడు కోచింగ్. విశాఖలో నీట్‌కు చదువుతూ చనిపోయిన అమ్మాయి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది: మార్కుల్ని బట్టి బ్యాచులు విడదీయడం సాధ్యమైనంత వరకు మానండి, నలుగురిలో అవమానించకండి, కౌన్సెలర్లను పెట్టండి, హాస్టల్ ఫ్యాన్లకు భద్రతా ఏర్పాట్లు చేయండి. వీటిలో ముందు ఏది జరుగుతుందో చెప్పడానికి ర్యాంకరు అక్కర్లేదు. ఫ్యాన్‌కి ఎలక్ట్రీషియన్ చాలు. టైంటేబుల్ మార్చాలంటే వ్యాపారమే మార్చాలి.

ఇంతకీ యాజమాన్యాన్నే ఎందుకనాలి? పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లి వినండి. ఆదివారం ఎనిమిదికి ముందు ఫోన్ మోగితే విసుక్కునే నాన్నగారు లేచి నిలబడతారు.

"ఏవోగారూ, మావాడు ఆదివారం టెస్టయ్యాక రెండు గంటలు పడుకుంటున్నాడట సార్. అప్పుడు కూడా ఒక స్టడీ అవర్ పెట్టించండి."

"పెట్టేద్దామండీ. కాకపోతే దానికి సెపరేట్ ఫీజు ఉంటుంది."