మూడు పడవల మీద కాళ్లు పెట్టే మగవారికి సూచనలు

ఉద్యోగం, ఇల్లు, విశ్రాంతి మూడూ సమంగా తూగడం లేదని మగవారు తెగ బాధపడుతున్నారు. దీనికి ఉపాయం తేలికే. ముందు పెళ్లి చేసుకోండి. భార్య కూడా ఉద్యోగస్తురాలైతే మరీ మంచిది, ఈఎంఐ సగం తగ్గుతుంది.

యువత వారానికి 70 గంటలు పనిచేయాలని ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు 2023లో అన్నారు. వెంటనే ఒప్పేసుకోండి. అన్ని గంటలు ఆఫీసులో ఉండేవాడికి ఉతికిన చొక్కా, సర్దిన క్యారియర్ ఎక్కడినుంచి వస్తాయో ఆ లెక్కలో లేదు. మీరూ అడగొద్దు.

ఇంటిపని చేయరన్న మాట రాకుండా నెలకో ఆదివారం బిర్యానీ వండండి. అల్లం వెల్లుల్లి ఒలవడం, ఉల్లిపాయలు తరగడం, మసాలా నూరడం ఆవిడకు వదిలేసి, దమ్ము పెట్టే ఘట్టానికి మాత్రం మీరు రండి. ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ వాడండి. మూత తీస్తుండగా ఫొటో తీయించుకుని వాట్సాప్ స్టేటస్ పెట్టండి. తర్వాత అలసిపోయి పడుకోండి. గిన్నెలు ఎవరు తోమారని స్టేటస్ చూసినవాళ్లు అడగరు.

ప్రభుత్వం మాత్రం అడిగింది. 2019లో దేశమంతా కాలవినియోగ సర్వే చేసి, జీతంలేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేల్చింది. 97 చూసి పొంగిపోకండి. అది పని ముట్టుకున్న మగవాళ్ల సగటు. వాళ్లు నూటికి 26 మందే, మిగతావాళ్లు ఆ రోజు చీపురు వైపు చూడనేలేదు. ఆ సర్వేలో రోజు తెల్లవారుజామున 4 గంటలకు మొదలవుతుంది. మీరు నిద్రలో ఉంటారు కాబట్టి ఆ భాగం గురించి దిగులు అక్కర్లేదు.

ఇక విశ్రాంతి. మీకు క్రికెట్ ఉంది. ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, పిల్లాడి చేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ సీరియల్ చూస్తుంది కదా, దాన్ని విశ్రాంతి ఖాతాలో రాసేయండి.

అమెరికాలో ఉంటే పురుడు వచ్చినప్పుడు అత్తగారిని ఆరు నెలలు, ఆవిడ విమానం ఎక్కగానే మీ అమ్మగారిని ఆరు నెలలు రప్పించండి. మోకాళ్ల నొప్పులంటే ట్యాబ్లెట్లు పెట్టెలో తెచ్చుకోమనండి. ఇద్దరి మధ్యా ఒక్క వారం కూడా ఖాళీ రానివ్వకండి. వచ్చిందా, ఆయాకు గంటకింత అని డాలర్లలో లెక్కకట్టి ఇచ్చుకోవాల్సి వస్తుంది. ఆ లెక్క కాగితం మీ ఆవిడ కంటపడనివ్వకండి.