కవర్లో పోస్తేనే కొలువు

మా బావగారిది ముప్పై ఆరేళ్ళ సర్వీసు. ఆ మాట రోజుకు నాలుగుసార్లు అనకపోతే ఆయనకు అన్నం అరగదు. మా అక్కది ముప్పై నాలుగేళ్ళ సేవ. ఆ మాట మాత్రం ఎవరూ అనరు.

ఈ రెండు మాటల మధ్య ఎంత దూరముందో గమనించారా? సర్వీసు అంటే పీఎఫ్, ఇంక్రిమెంటు, ఎల్‌టీసీ, ఆఖరి రోజున శాలువా. సేవ అంటే పుణ్యం. పుణ్యానికి పే స్లిప్పు ఉండదు. సర్వీస్ సెక్టారును తెలుగులోకి దించిన మహానుభావుడెవరో గాని 'సేవల రంగం' అని రాసేసి చేతులు దులుపుకున్నాడు. రాస్తుండగా తన బల్ల మీద కాఫీ గ్లాసు పెట్టి వెళ్ళిన మనిషిని ఒక్కసారి తలెత్తి చూసుంటే, ఇంకో మాట వెతికేవాడేమో.

రిటైరయ్యాక బావగారికి పొద్దుపోలేదు. వీధి గదిలో కర్రీ పాయింట్ తెరిచారు. "ఏమోయ్, మీ అక్క చేతి గుత్తివంకాయ మనమే తినేస్తే ఎలా, నలుగురికీ అందాలి" అన్నారు. అక్క తెల్లవారుజామున నాలుగింటికి లేస్తుంది. రెండు కూరలు, ఒక వేపుడు, పప్పు, సాంబారు, రోటి పచ్చడి. పదకొండింటికి బావగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గల్లాపెట్టె ముందు కూర్చుంటారు. బోర్డు మీద అన్నపూర్ణాదేవి బొమ్మ, దాని కింద ప్రొప్రయిటరుగా ఆయన పేరు.

ఇక్కడే దేశ ఆర్థికశాస్త్రం మొత్తం నాకు అర్థమైంది. అదే వంకాయ, అదే మూకుడు, అదే చెయ్యి. కంచంలో వడ్డిస్తే అది సంసారం. జాతీయాదాయం లెక్కల్లో దానికి చోటు లేదు. కవర్లో పోసి మూతి బిగించి ముడివేస్తే సేవల రంగం. జీడీపీ ఆ మేరకు పెరుగుతుంది. దేశాభివృద్ధికి అక్క వంట కాదు, బావగారు వేసే ముడే కారణమన్నమాట.

ముడి పడ్డాక అక్క హోదా కూడా మారింది. కేంద్ర గణాంక శాఖవారి శ్రామిక సర్వే లెక్కలో ఇప్పుడామె ఖాళీగా ఉన్న గృహిణి కాదు, 'కుటుంబ వ్యాపారంలో సహాయకురాలు'. అంటే పనిమంతురాలే. జీతం ఎంతంటారా? ఆ గడి సర్వేలో ఉంటుంది గాని అందులో రాయడానికి ఏమీ ఉండదు. 2023-24 సర్వే ప్రకారం దేశంలో పనిచేసే ఆడవాళ్ళలో నూటికి 36 మందికి పైగా మా అక్క బాపతే.

ఈ బాపతును కలుపుకునే మనం విప్లవం సాధించాం. 2017-18లో పదిహేనేళ్ళు దాటిన ఆడవాళ్ళలో పనిలోనో పని వెతుకులాటలోనో ఉన్నవారు 23.3 శాతం. 2023-24కి 41.7. ఆరేళ్ళలో అంత ఎగబాకితే సభల్లో చప్పట్లు మోగవా మరి! వీళ్ళంతా ఎటు వెళ్ళారని మాత్రం చప్పట్ల మధ్య ఎవరూ అడగలేదు. జాతీయాదాయంలో సగానికి పైగా సేవల రంగానిదే కదా, అక్కడికే బస్సెక్కి ఉంటారనుకున్నాను. తీరా చూస్తే బస్సు పొలం గట్టు దగ్గర ఆగింది. పనిచేసే ఆడవాళ్ళలో వ్యవసాయంలో ఉన్నవారు 57 శాతం నుంచి 64.4 శాతానికి పెరిగారు. నాగరికత పల్లె నుంచి పట్నానికి నడుస్తుందని చిన్నప్పుడు సోషల్ మాస్టారు చెప్పారు. ఆయన చెప్పింది మగవాళ్ళ సంగతి కాబోలు.

సేవకు సర్కారు ఇచ్చే అసలైన మర్యాద చూడాలంటే అంగన్‌వాడీకి వెళ్ళాలి. 1975 నుంచి నడుస్తున్న పథకం. పసివాళ్ళకు తిండి, చదువు, బాలింతలకు గుడ్లు, పాలు, పైవాళ్ళకు యాప్‌లో ఫోటోలు. అక్కడి కార్యకర్తలకిచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. తెలుగులో ఇంత కచ్చితమైన సమాసం మరొకటి లేదు: గౌరవం ముందు నిలబడి వేతనాన్ని కనపడకుండా చేస్తుంది. కలెక్టరుగారిది మామూలు వేతనమే, పాపం, గౌరవం లేదు.

2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. అప్పటికి కార్యకర్త గౌరవం నెలకు 11,500 రూపాయలు. వాళ్ళు 26,000 అడిగారు, గ్రాట్యుటీ కూడా అడిగారు. గ్రాట్యుటీ అంగన్‌వాడీలకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు గుజరాత్ కేసులో 2022లోనే చెప్పింది, కాబట్టి అది గొంతెమ్మ కోరికేమీ కాదు. జనవరి 6న సర్కారువారు బదులిచ్చారు, ఎస్మాతో. ఎస్మా అంటే అత్యవసర సేవల చట్టం. నిన్నటిదాకా ఉద్యోగులే కారన్న మనుషులు ఒక్క జీవోతో, తాము లేకపోతే రాష్ట్రం ఆగిపోయేంత అత్యవసరమైపోయారు. జీతాల రోజున స్వచ్ఛంద సేవకులు, సమ్మె రోజున అత్యవసర సేవకులు. సమ్మె 42 రోజులు నడిచింది.

ఈ మధ్య అక్కకు చీర కొందామని బెజవాడలో ఓ పెద్ద దుకాణానికి వెళ్ళాం. వెనకటికి చీరల కొట్లో మగ గుమస్తాలే పమిట తమ భుజాన వేసుకుని చూపించేవారు. ఇప్పుడు అమ్మాయిలున్నారు. సేవల రంగంలో స్త్రీల ప్రవేశమంటే ఇదే. ప్రవేశమైతే ఉంది, కూర్చోవడం లేదు. పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే ఉంటారట. కేరళలో ఇలాంటి అమ్మాయిలు పోరాడి 2018లో కూర్చునే హక్కును చట్టంలో రాయించుకున్నారు. తమిళనాడు 2021లో ఆ దారి పట్టింది. కూర్చోవడానికి చట్టసభ లేచి నిలబడాల్సి వచ్చింది, చూశారా!

ఆ అంతస్తులో ఉన్నది ఒకటే కుర్చీ. అది చీర కొనేవారి భర్తల కోసం. బావగారు ఆనవాయితీ ప్రకారం అందులో ఆసీనులై, పేపరు తెరిచి, 2024 కాల వినియోగ సర్వే వార్త పైకి చదవడం మొదలుపెట్టారు: జీతంలేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్ళు 88. "చూశావా, గంటన్నర! మేమూ చేస్తున్నాం" అన్నారు. అది అసలు చెయ్యి వేసిన మగవాళ్ళ సగటేనని, వేయనివాళ్ళను అందులో కలపలేదని నేను చెప్పబోయి, ఇంటి అల్లుడు కదా అని ఊరుకున్నాను.

పదకొండో చీర విప్పుతూ ఆ అమ్మాయి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంది. అక్క చూసింది.

"కాసేపు లేవండి" అంది బావగారితో.

ముప్పై ఆరేళ్ళ సర్వీసులో ఆయన్ను కుర్చీలోంచి లేవమన్నవారు లేరు. పేపరు మడిచి లేచారు. "కూర్చోమ్మా" అంది అక్క. ఆ అమ్మాయి పైనున్న కెమెరా వైపు ఓసారి చూసి, "వద్దాంటీ, ఈ జరీ అంచు చూడండి" అంటూ పన్నెండో చీర తీసింది.

బిల్లు కట్టి కిందికి వచ్చేదాకా ఆ కుర్చీ ఖాళీగానే ఉంది.